8 జీబీ గ్రాఫిక్స్ కార్డుతో ఇంకెన్నాళ్లు?

కంప్యూటర్ కౌంటర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ గ్రాఫిక్స్ కార్డుల మీదే. అందులోనూ అందరిదీ ఒకటే టెన్షన్: వీడియో మెమరీ, అంటే కార్డు మీదే ఉండే సొంత మెమరీ, సరిపోతుందా, చాలదా? సికింద్రాబాద్‌లో మా కౌంటర్ దగ్గరికి వచ్చే పిల్లలు కూడా కార్డు పేరు చెప్పకముందే "అక్కా, ఎన్ని జీబీ?" అంటున్నారు. అడగడం మంచిదే. కాకపోతే జీబీలు ఒక్కటే చూసి కొనేవాళ్లూ, వాటిని అసలు చూడకుండా కొనేవాళ్లూ ఇద్దరూ నష్టపోతున్నారు. ప్రింటర్ల మీద, వైఫై మీద వచ్చిన ప్రశ్నలను వచ్చే సంచికకు జరిపి ఈ పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను. ప్రింటర్లవాళ్లు కోప్పడకండి.

ప్రశ్న: అక్కా, నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆర్‌టీఎక్స్ 3070. మానిటర్ 1440పీ. పాత ఆటలన్నీ బాగా నడుస్తాయి. కొత్త ఆటల్లో ఫ్రేమ్ రేటు (సెకనుకు గీసే బొమ్మల లెక్క) 70, 80 చూపిస్తూనే ఉంటుంది కానీ కొత్త వీధిలోకి మలుపు తిరిగితే చాలు, అర సెకను ఆగిపోతుంది. ఒక్కోసారి గోడలు, నేల మసకగా వచ్చి కాసేపటికి తేటపడతాయి. ఫ్రెండ్స్ "8 జీబీ కార్డుల పని అయిపోయింది, అమ్మేయ్" అంటున్నారు. నిజమేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: అమ్మకు తమ్ముడూ. ముందు ఆ ఆటలో టెక్స్చర్ క్వాలిటీ, అంటే గోడలు, నేల లాంటివాటి మీద అతికించే బొమ్మల నాణ్యత, ఎక్కడుందో చూడు. అల్ట్రాలో ఉంటే హైకి, హైలో ఉంటే మీడియంకి ఒక మెట్టు దించి, ఆటను పూర్తిగా మూసి మళ్లీ తెరువు. చాలా ఆటల్లో నువ్వు చెప్పిన రోగానికి మందు అదే.

ఎందుకలా అవుతుందో కూడా చెప్తాను, అప్పుడు ఫ్రెండ్స్‌కి జవాబు నువ్వే చెప్పుకోవచ్చు. వీడియో మెమరీ అంటే దుకాణంలో కౌంటర్ మీద ఉన్న సరుకు. కంప్యూటర్ ర్యామ్ అంటే వీధి చివర గోడౌన్. కౌంటర్ మీద లేనిదాన్ని గోడౌన్ నుంచి తెప్పించుకోవచ్చు, కానీ కొనేవాడు నిలబడాల్సిందే. నీ 3070లో చిప్పుకీ, దాని సొంత మెమరీకీ మధ్య సెకనుకు 448 జీబీ డేటా నడుస్తుంది. మదర్‌బోర్డులోని పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ గుండా ర్యామ్ నుంచి తెచ్చుకోవాలంటే, 4.0 బోర్డు అయినా సెకనుకు 32 జీబీ దగ్గరే ఆగిపోతుంది. అంటే 14వ వంతు. పాత 3.0 బోర్డు అయితే అందులోనూ సగం. నువ్వు మలుపు తిరిగినప్పుడు ఆగే ఆ అర సెకను ఇదే. యావరేజ్ ఫ్రేమ్ రేటులో ఇది కనపడదు. నిమిషంలో మూడు సార్లు ఆగినా యావరేజ్ 75 చూపిస్తుంది. అందుకే రివ్యూలు చదివేటప్పుడు యావరేజ్ పక్కన "1% Low" అని ఇచ్చే అంకె (అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం) చూడమని ఎప్పుడూ చెప్తుంటాను.

ఇక ఈ మెమరీని తినేది ఏమిటి? చాలామంది స్క్రీన్ రిజల్యూషన్ అనుకుంటారు. లెక్క వేసి చూడు. 4కె స్క్రీన్ మీద ఒక్క బొమ్మ అంటే 3840 ఇంటూ 2160 పిక్సెళ్లు, ఒక్కోదానికి 4 బైట్లు. మొత్తం 33 ఎంబీ. అలాంటి మధ్యంతర బొమ్మలను ఆట కొన్ని పదులు దాచుకుంటుంది, అది నిజమే. కానీ అసలు బరువు టెక్స్చర్లది. గోడ మీది పెచ్చు, చొక్కా నేత, రోడ్డు మీది కంకర, ఇవన్నీ బొమ్మలే. 4096 ఇంటూ 4096 సైజు టెక్స్చర్‌ను కంప్రెస్ చేయకుండా పెడితే 64 ఎంబీ. ఆటలు వాడే బీసీ7 పద్ధతిలో కుదిస్తే 16. దూరం నుంచి చూసినప్పటి కోసం దాని చిన్న సైజులు కూడా పక్కనే పెట్టుకోవాలి, వాటితో కలిపి 21 ఎంబీ చిల్లర. ఒక్క వస్తువుకు రంగు ఒకటి, ఉబ్బెత్తు పల్లాలు ఒకటి, నునుపు గరుకు ఒకటి అని మూడు టెక్స్చర్లు వేసుకో. 64 ఎంబీ అయింది. కంటి ముందు అలాంటివి 100 ఉంటే 6.4 జీబీ. ఇంకా మనుషులు రాలేదు, వాన రాలేదు, వెలుతురు కిరణాల దారిని లెక్కగట్టి గీసే రే ట్రేసింగ్ పెట్టలేదు.

ఇప్పుడు ఒక మెట్టు దించడమంటే 4096ను 2048 చేయడం. పొడవులో సగం, వెడల్పులో సగం, కాబట్టి మెమరీ నాలుగో వంతు. 1440పీ మానిటర్ మీద గోడకు ముక్కు ఆనించి చూస్తే తప్ప తేడా పట్టుకోలేవు. పైగా టెక్స్చర్లు మెమరీలో పట్టినంతవరకు కార్డు వేగం మీద వాటి భారం చాలా తక్కువ. నీడలు, వెలుతురు సెట్టింగులు అలా కావు, అవి చిప్పును పని చేయిస్తాయి. అందుకే ఫ్రేమ్ రేటు బాగుండి మధ్యమధ్య ఆగుతుంటే టెక్స్చర్లు దించు. మొత్తంగానే ఫ్రేమ్ రేటు తక్కువుంటే నీడలు దించు. ఈ రెండూ కలిపేసి అన్నీ "లో"లో పెట్టుకుని ఆడే పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది.

నిజంగా మెమరీయే నిండుతోందో లేదో చూడాలంటే వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ మీద నొక్కు. కింద రెండు గీతలుంటాయి. డెడికేటెడ్ మెమరీ (కార్డు సొంతది) నిండి గీత తిన్నగా ఆగిపోయి, షేర్డ్ మెమరీ (ర్యామ్ నుంచి తెచ్చుకునేది) గీత పైకి పాకుతోందంటే పొంగిపోతోందన్నమాట. షేర్డ్‌లో ఎప్పుడూ కొద్దిగా కనపడుతుంది, దానికి కంగారు పడకు. అలాగే ఇంటర్నెట్‌లో 24 జీబీ కార్డు ఉన్నవాడు "ఈ ఆట 14 జీబీ తింటోంది" అని ఫొటో పెడితే దానికీ కంగారు పడకు. స్థలం ఉంది కదా అని ఆట ముందే పరుచుకుంటుంది. పరుచుకున్నది వేరు, కావలసింది వేరు.

ఆడేటప్పుడు బ్రౌజర్, డిస్కార్డ్ మూసెయ్. విండోస్‌తో కలిసి అవి అర జీబీ నుంచి ఒక జీబీ దాకా పట్టేస్తాయి. 8లో ఒకటి పోతే మిగిలేది 7. డీఎల్ఎస్ఎస్ (బొమ్మను చిన్నగా గీసి ఏఐతో పెద్దది చేసే ఎన్విడియా సెట్టింగ్) క్వాలిటీలో పెడితే నీ 1440పీ మానిటర్‌కు ఆట లోపల 960పీలోనే గీస్తుంది, దానివల్ల కూడా కొంత మిగులుతుంది. రే ట్రేసింగ్ మాత్రం, ఆపే వీలున్న ఆటల్లో ఆపెయ్. లోకం మొత్తానికి ఒక నిర్మాణ పటం మెమరీలో పెట్టుకుంటే గానీ అది నడవదు.

నీ ఫ్రెండ్స్ మాటలో కొంత నిజం లేకపోలేదు. 3070 వచ్చింది 2020 అక్టోబరులో. అప్పటి ఆటలు 2013 నాటి ప్లేస్టేషన్ 4 అనే కన్సోల్ (టీవీకి తగిలించే గేమింగ్ యంత్రం) మీద కూడా నడవాలని తయారైనవి. దానిలో సిస్టమ్ మొత్తానికి కలిపి 8 జీబీ. 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లలో 16 జీబీ. ఎక్స్‌బాక్స్‌లో రెండున్నర సిస్టమ్‌కు పోగా పదమూడున్నర జీబీ ఆటకే ఇస్తారు. రెండు మూడేళ్లు పాత కన్సోళ్లను కూడా లాక్కొచ్చారు. వాటిని వదిలేసి కొత్తవాటికే ఆటలు చేయడం మొదలుపెట్టగానే 2023లో మన పీసీల మీద పడింది. ఆ మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు 8 జీబీ కార్డులవాళ్లు పడ్డ అవస్థ గుర్తుండే ఉంటుంది. తర్వాత ప్యాచ్‌లతో చాలావరకు సర్దారు. అంటే తప్పంతా మెమరీదీ కాదు, తొందరపడి విడుదల చేసినవాళ్లకూ వాటా ఉంది. కానీ 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్ కనీస అవసరమే 8 జీబీ అంది. అది బాగా రాసిన ఆటే, అయినా అడిగింది. ఆ ఆటలో టెక్స్చర్ పూల్ సైజ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. నీ కార్డుతో దాన్ని పైకి లాగితే ఫ్రేమ్ రేటు ఒక్కసారిగా కుప్పకూలుతుంది, కిందికి దించితే హాయిగా నడుస్తుంది.

3070 చిప్పులో ఇంకా సత్తువ ఉంది. డబ్బు చేతికొచ్చేదాకా వాడు.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్‌లో చేరాడు. గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలంటున్నాడు, చదువుకూ అదే కావాలట. ఒక షాపులో ఆర్‌టీఎక్స్ 4050 ల్యాప్‌టాప్ చూపించి "దీంట్లో 14 జీబీ గ్రాఫిక్స్ ఉంది" అన్నారు. ఇంకో షాపులో అంతకంటే ఖరీదైన 5060కి "8 జీబీ" అన్నారు. తక్కువ ధరలో ఎక్కువ జీబీ వస్తుంటే అదే తీసుకోవచ్చా మేడమ్?
– గృహిణి, కరీంనగర్

జవాబు: 14 జీబీ అన్నవాళ్ల దగ్గర కొనకండమ్మా. ఆ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ మెమరీ 6 జీబీ. మిగతా 8 ఎక్కడిదంటే, 16 జీబీ ర్యామ్‌లో సగాన్ని అవసరమైతే వాడుకోవచ్చని విండోస్ రాసిపెట్టుకుంటుంది. ఆ రెండూ కూడి స్క్రీన్ మీద 14 అని చూపిస్తుంది. పై జవాబులో గోడౌన్ అన్నానే, అదన్నమాట. కావాలని మోసం చేశారో, వాళ్లకే తెలియదో నేను చెప్పలేను. షాపులో "డెడికేటెడ్ ఎంత?" అని ఒక్క మాట అడగండి, ఎదుటివాళ్ల గొంతు మారిపోతుంది.

డెస్క్‌టాప్ అయితే కార్డు తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్పు, దాని మెమరీ బోర్డుకే అతికించి ఉంటాయి. నాలుగేళ్ల చదువు మొత్తం దానితోనే గడవాలి. కాబట్టి 6 జీబీ వద్దు, 8 తీసుకోండి. పాత స్టాకులో 4 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3050 ల్యాప్‌టాప్‌లు ఆఫర్‌లో కనపడతాయి, వాటి జోలికి అసలు పోకండి.

ఇంకొక మెలిక ఉంది. అబ్బాయి "ఇంకొంచెం పెట్టి 5070 కొందాం అమ్మా" అని తప్పకుండా అంటాడు. డెస్క్‌టాప్ 5070లో 12 జీబీ ఉంటుంది. అదే పేరుతో ల్యాప్‌టాప్‌లో వచ్చినదానికి 8 జీబీయే ఇచ్చారు. అంతకుముందు 4070 ల్యాప్‌టాప్‌దీ ఇదే కథ. అంటే 5060 నుంచి 5070కి వెళ్తే చిప్పు కాస్త వేగమవుతుంది, మెమరీ పెరగదు. 12 కావాలంటే 5070 టీఐ దాకా వెళ్లాలి, దాని ధర వేరే లోకం. నన్నడిగితే 5060 దగ్గర ఆగి, ఆ మిగిలిన డబ్బుతో ర్యామ్ 16 నుంచి 32 చేయించండి. ర్యామ్ స్లాట్ ఖాళీ ఉందో లేదో బిల్లు వేయకముందే అడగండి. చదువుకు అంటే, వాళ్ల ప్రాజెక్టుల్లో చిన్న ఏఐ మోడళ్లు నడపడానికి ఎన్విడియా కార్డు ఉపయోగపడే మాట నిజమే. ఈ ఒక్క విషయంలో మీవాడు అబద్ధం చెప్పలేదు.

ప్రశ్న: మాది చిన్న గేమింగ్ సెంటర్. సిస్టమ్‌లన్నిట్లో జీటీఎక్స్ 1660 సూపర్, 6 జీబీ. పిల్లలు ఆడేది వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, జీటీఏ 5. 6 జీబీ ఇక పనికిరాదని సప్లయర్ మార్చమంటున్నాడు. మార్చాలా?
– నంద్యాల

జవాబు: అక్కర్లేదు. వాలరెంట్‌కు ఆ కంపెనీ స్వయంగా రాసుకున్న అవసరం 1 జీబీ వీడియో మెమరీ. 2015 నాటి జీటీఏ 5 సిఫార్సు చేసింది 2 జీబీ. 2025 మార్చిలో దానికి రే ట్రేసింగ్‌తో ఎన్‌హాన్స్‌డ్ అని కొత్త వెర్షన్ వచ్చింది, మీ సిస్టమ్‌లలో పాతదే ఉంచండి. ఆ డబ్బేదో కుర్చీలకు, ఏసీకి పెట్టండి. మీ ఊరి ఎండల్లో కార్డుల ఫ్యాన్లు, థర్మల్ పేస్ట్ మార్పించడం కొత్త కార్డుల కంటే ముఖ్యం.

ప్రశ్న: రైజెన్ 5600, బీ450 మదర్‌బోర్డు ఉన్నాయి. కార్డు మాత్రం మార్చాలి. ఏఎండీ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ రెండూ 8 జీబీ, 16 జీబీల్లో దొరుకుతున్నాయి. నేను 1080పీలోనే ఆడతాను. 16 జీబీకి అదనంగా పెట్టడం దండగ కాదా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: దండగ కాదు. మీ బోర్డు చూశాక మరీ కాదంటున్నాను.

బీ450లో స్లాట్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0. 5060 టీఐ కార్డు 16 లేన్ల (డేటా నడిచే దారుల) స్లాట్‌లో కూర్చున్నా 8 లేన్లే వాడుతుంది. కొత్త 5.0 బోర్డులో 8 లేన్లంటే సెకనుకు 32 జీబీ, ఏ ఇబ్బందీ లేదు. మీ 3.0 బోర్డులో అవే 8 లేన్లు సెకనుకు 8 జీబీ మాత్రమే మోస్తాయి. 8 జీబీ కార్డు పెట్టి మెమరీ పొంగిందా, గోడౌన్‌కు వెళ్లే దారి కూడా ఇరుకే. అదే 16 జీబీ కార్డు అయితే పొంగడమే అరుదు కాబట్టి దారి ఇరుకైనా పెద్దగా తెలియదు. 9060 ఎక్స్‌టీ 16 లేన్లూ వాడుతుంది, కాబట్టి మీ బోర్డులో ఆ దారి సెకనుకు 16 జీబీ వరకు మోయగలదు. ఈ లేన్ల సంగతి బాక్సు మీద పెద్దక్షరాల్లో ఎవరూ వేయరు. పాత బోర్డులో కొత్త కార్డు పెట్టుకునేవాళ్లు మన దగ్గరే ఎక్కువ, మనకే ఇది తెలియాలి.

ధర సంగతి. 2025 ఏప్రిల్‌లో 5060 టీఐ విడుదలైనప్పుడు 8 జీబీకి 379 డాలర్లు, 16 జీబీకి 429. జూన్‌లో 9060 ఎక్స్‌టీకి 299, 349. రెండిట్లోనూ తేడా 50 డాలర్లే. అంతకు ముందు తరం 4060 టీఐలో ఇదే తేడాకు 100 డాలర్లు గుంజారు. మన దగ్గర షాపు ధరలు వారం వారం మారుతున్నాయి. 2025 చివరినుంచి ఏఐ సర్వర్ల కోసం మెమరీ చిప్పులన్నీ అటు పోతుండటంతో ర్యామ్ ధరలు మండిపోయాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ కంపెనీ, మనమంతా వాడిన క్రూషియల్ బ్రాండు ర్యామ్, ఎస్ఎస్‌డీల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నానని ప్రకటించింది. కాబట్టి మీరు వెళ్లిన రోజు రెండు కార్డుల మధ్య తేడా ఎంతుందో చూసుకోండి. మొత్తం ధరలో ఐదో వంతు లోపు ఉంటే కళ్లు మూసుకుని 16 తీసుకోవచ్చు.

అసలు నాకు ఒళ్లు మండేది ఆ పేరు విషయంలో. రెండూ "5060 టీఐ", రెండూ "9060 ఎక్స్‌టీ". బాక్సు రంగు ఒకటే, కార్డు రూపం ఒకటే. 5060 టీఐ విడుదలకు ముందు పరీక్షించడానికి రివ్యూ చేసేవాళ్లకు 16 జీబీ కార్డులే వెళ్లాయి. ఆ రివ్యూ చూసి షాపుకొచ్చిన కుర్రాడు తక్కువ ధర కనపడగానే 8 జీబీది పట్టుకుపోతాడు. ఆన్‌లైన్‌లో కొంటే పేజీ మీద ఒకటి కాదు, బాక్సు మీద కూడా 16 అని ఉందో లేదో చూసి, విప్పుతున్నప్పుడు వీడియో తీసుకోండి.

మీకైతే నా మాట: మీ బోర్డులోకి 9060 ఎక్స్‌టీ 16 జీబీ. డీఎల్ఎస్ఎస్ కావాలనో, ఆఫీసు తర్వాత ఏఐ ప్రయోగాలు చేస్తాననో అంటే 5060 టీఐ 16 జీబీ. మీ 1080పీకి 8 ఇవాళ చాలా ఆటలకు చాలుతుంది, అబద్ధం చెప్పను. కానీ మీరు ఒక కార్డు కొంటే ఐదేళ్లు వాడే మనిషిలా ఉన్నారు. బీ450 ఇంకా దాచుకున్నారంటేనే తెలుస్తోంది.

ప్రశ్న: నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. మైక్రోసాఫ్ట్ ఫ్లయిట్ సిమ్యులేటర్ 2024 నా కాలక్షేపం. కార్డు ఆర్‌టీఎక్స్ 4060. హైదరాబాదులో ఎగిరినప్పుడు బాగానే ఉంటుంది. గంటసేపు తిరిగి కృష్ణ మీదుగా గన్నవరంలో దిగబోయేసరికి విమానం ఆగి ఆగి కదులుతుంది. ఒకసారి రన్‌వే పక్క పొలంలో దిగింది. మా మనవడు మెమరీ చాలదంటున్నాడు. ఇంత ఖరీదు పెట్టి కొన్న కార్డులో మెమరీ ఎందుకు తక్కువ పెడతారు? నా సర్వీసులో ఇలాంటి అన్యాయం చూడలేదు.
– తెనాలి

జవాబు: మనవడు సరిగ్గానే చెప్పాడు బాబాయిగారూ. ఈ ఆటకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పట్టికలోనే కనీసం 4 జీబీ, సిఫార్సు 8, ఉత్తమంగా ఉండాలంటే 12 జీబీ వీడియో మెమరీ అని ఉంది. మీరు సిఫార్సు అంచున ఉన్నారు. గంటసేపు ఎగురుతూ ఉంటే కొత్త ఊళ్లు, పొలాలు ఇంటర్నెట్ నుంచి దిగుతూనే ఉంటాయి, కౌంటర్ మీద చోటు తగ్గుతూ వస్తుంది. సెట్టింగుల్లో టెక్స్చర్ రిజల్యూషన్ ఒక మెట్టు, టెర్రెయిన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్ సగానికి దించండి. ఫ్రేమ్ జనరేషన్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. ఫ్రేములు పెంచే ఆ ఏర్పాటుకు కూడా మెమరీ కావాలి, అందుకే మెమరీ తక్కువైన కార్డులో ఒక్కోసారి అది ఉన్నదానికే ఎసరు పెడుతుంది. దిగబోయే ముందు కాక్‌పిట్ నుంచి బయటికీ లోపలికీ కెమెరా మార్చకండి. గన్నవరం రన్‌వే మీకు దొరుకుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఇది అన్యాయమా అంటే, కొంత ఇంజినీరింగ్, కొంత వ్యాపారం.

2016 జూన్‌లో ఏఎండీ ఆర్ఎక్స్ 480 అని ఒక కార్డు తెచ్చింది. 8 జీబీ, 239 డాలర్లు. 2025 మేలో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 తెచ్చింది. 8 జీబీ, 299 డాలర్లు. తొమ్మిదేళ్లలో చిప్పు ఎన్నో రెట్లు బలపడింది, మెమరీ అంగుళం కదల్లేదు. లోపల ఏం జరిగిందంటే, ఒక్కో మెమరీ చిప్పుకు 32 బిట్ల దారి కావాలి. ఆర్ఎక్స్ 480కి 256 బిట్ల దారి ఉండేది, అంటే 8 చిప్పులు. అప్పట్లో చిప్పుకు 1 జీబీ. 5060కి, మీ 4060కి దారి 128 బిట్లు, అంటే 4 చిప్పులే. చిప్పుకు 2 జీబీ. ఎనిమిదొకట్లు ఎనిమిది, నాలుగురెళ్లు ఎనిమిది. మెమరీ చిప్పు ఎదిగినంతా దారి ఇరుకు చేసి మిగుల్చుకున్నారు. దారి ఇరుకైన లోటు తెలియకుండా చిప్పులోపల క్యాష్ అనే చిన్న, వేగమైన మెమరీని పెంచారు. మీ 4060లో అది 24 ఎంబీ, పాత 3060లో 3 ఎంబీయే. క్యాష్ వల్ల వేగం వస్తుంది, చోటు రాదు.

మరి 16 జీబీ ఎలా ఇస్తున్నారంటే, బోర్డుకు అటువైపు కూడా 4 చిప్పులు అతికించి ఒక్కో దారిని ఇద్దరికి పంచుతారు. ఇప్పుడు 3 జీబీ చిప్పులు కూడా వచ్చాయి. 5090 ల్యాప్‌టాప్‌కు 24 జీబీ ఇచ్చింది వాటితోనే. అవి చవకైతే ఇదే 128 బిట్ల కార్డు 12 జీబీతో రావచ్చు. మెమరీ ధరలు ఇలా ఉన్నప్పుడు త్వరలోనే వస్తుందని నేను చెప్పను.

వ్యాపారం సంగతి చూడండి. 5090లో 32 జీబీ ఉంది. దాదాపు అదే చిప్పుతో ఆఫీసులకు, ఏఐ వాళ్లకు అమ్మే ఆర్‌టీఎక్స్ ప్రో 6000లో 96 జీబీ ఉంది. దాని ధర ఎన్నో రెట్లు. చవక కార్డులకు మెమరీ ధారాళంగా ఇస్తే ఖరీదైనవి ఎవరు కొంటారు? ఇంటెల్ మాత్రం మార్కెట్‌లో చోటు సంపాదించుకోవాలి కాబట్టి 2024 డిసెంబరులో ఆర్క్ బీ580ని 12 జీబీతో 249 డాలర్లకు ఇచ్చింది. ఇవ్వాలనుకుంటే ఇవ్వగలరనడానికి అదే సాక్ష్యం.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో 3060 టీఐ 8 జీబీ, 3060 12 జీబీ ఒకే ధరకు దొరుకుతున్నాయి. ఏది?
– వరంగల్

జవాబు: పోటీ ఆటలు ఎక్కువ ఆడితే టీఐ, దాని చిప్పు వేగం ఎక్కువ. కథ నడిచే పెద్ద కొత్త ఆటలైతే 12 జీబీ 3060. మా ఇంట్లో సిస్టమ్‌లో ఇప్పటికీ అదే ఉంది, టెక్స్చర్లు హైలో పెట్టి మిగతావి మీడియంలో ఆడతాను. జాగ్రత్త, 2022లో 3060 పేరుతోనే 8 జీబీ, 128 బిట్ల కార్డు కూడా తెచ్చారు. అది 12 జీబీదాని కంటే బాగా నెమ్మది. డబ్బు ఇవ్వకముందే జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూసుకోండి. 12288 ఎంబీ, 192 బిట్ అని ఉండాలి. పాత చిప్పుకు కొత్త పేరు రాసి అమ్మే నకిలీ కార్డులైతే చాలావాటిని అదే పట్టిస్తుంది, పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులను రాత్రింబవళ్లు నడిపి క్రిప్టో కరెన్సీ సంపాదించడం) ఆగిపోయినప్పుడు అమ్ముడుపోయిన కార్డులు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. మైనింగ్‌లో వాడారని కార్డు చెడిపోదు, కానీ మెమరీ చిప్పుల మీది థర్మల్ ప్యాడ్లు ఎండిపోయి ఉంటాయి. అవి మార్పించే ఖర్చు బేరంలో తగ్గించి అడగండి.

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటాం. సంక్రాంతికి గుంటూరు వస్తున్నాం. మా బావగారబ్బాయికి ఇక్కడ సేల్‌లో ఉన్న 5060 టీఐ 8 జీబీ తెద్దామనుకుంటున్నాం. పర్లేదా?
– ఫ్రిస్కో

జవాబు: తెచ్చేటట్టయితే 16 తెండి. అంతకంటే ముందు ఆ బ్రాండు వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో వాళ్ల సైట్‌లో చూడండి. చాలా బ్రాండ్లకు వారంటీ కొన్న దేశానికే పరిమితం. చెల్లకపోతే కార్డు పాడైన రోజున దాన్ని మళ్లీ మీ సూట్‌కేసులోనే తీసుకెళ్లాల్సి వస్తుంది. వారంటీ లేని కార్డు మీద ఆదా అయ్యేది నాలుగైదు వేలే అయితే, ఆ డబ్బు పంపించి ఇక్కడే కొనుక్కోమనండి. ఇంకొక మాట, అబ్బాయి పవర్ సప్లయ్ ఎన్ని వాట్లో, క్యాబినెట్‌లో కార్డు పొడవుకు చోటుందో కనుక్కున్నారా? పిల్లలు అది చెప్పరు.

ప్రశ్న: వీడియో మెమరీని 4 జీబీ నుంచి 8 జీబీకి పెంచే సాఫ్ట్‌వేర్ ఉందని ఒక వీడియోలో చూసి వేసుకున్నాను. ఏమీ మారలేదు. బయోస్‌లో ఏమైనా మార్చాలా?
– ఇంటర్ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: కార్డు మీది మెమరీ చిప్పులు సాఫ్ట్‌వేర్‌తో పెరగవు నాన్నా. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) మార్చుకునే వీలున్నది ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న సిస్టమ్‌లకు, అదీ ర్యామ్‌లోంచి కోసి ఇచ్చేదే. ఆ సాఫ్ట్‌వేర్ తీసేసి, విండోస్ సెక్యూరిటీలో ఫుల్ స్కాన్ పెట్టు. తర్వాత ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి నీ మెయిల్, స్టీమ్ పాస్‌వర్డులు మార్చు. ఆ సిస్టమ్‌లో మీ నాన్నగారి బ్యాంకు లాగిన్ ఉంటే అది ముందు.